హిందీ మేడం గారి ఎండాకాలం

మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం, రెండు డజన్ల చిన్న రసాలున్న సంచితో పటమటలో ఆవిడ ఇంటి ముందు నిలబడ్డాను. తలుపుకి తాళం వేసి ఉంది. సెలవుల్లో ఊళ్ళు తిరిగే మనిషి కాదు కాబట్టి బజారుకి వెళ్ళి ఉంటారులే అనుకుని మెట్ల మీద కూర్చున్నాను. పై వాటాలోంచి ఇంటి ఓనరుగారు తొంగి చూసి ఎవరమ్మా అని అడిగారు. ఒకప్పుడు మేడం గారితో కలిసి పనిచేశానని చెప్పాను. పెద్దావిడ మోకాళ్ళు పట్టుకుంటూ మెల్లగా కిందికి దిగివచ్చి నా పక్కనే కూర్చున్నారు.

"నీకు తెలీదా అమ్మా? పోయింది. ఏప్రిల్ మొదట్లోనే. బళ్ళో పరీక్ష పేపర్లు దిద్దుతా దిద్దుతా బల్ల మీద తల పెట్టుకుందంట. నిద్రపోతందేమో అనుకున్నారంట పాపం."

మామిడిపళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఓనరుగారే మళ్ళీ అందుకున్నారు.

"సామానంతా లోపలే ఉంది. ఎండలు తగ్గాక వచ్చి తీసికెళ్తానన్నాడు వాళ్ళ తమ్ముడు. ఇద్దరు ముగ్గురొచ్చి వాటా అద్దెకిస్తారా అనడిగారు. ఇవ్వనని చెప్పా. మే నెలాఖరు దాకా ఈ ఇల్లు ఆవిడదే. రెండు నెలల అద్దె ముందే కట్టేసింది మహాతల్లి. మధ్యలో వేరేవాళ్ళని తెచ్చిపెడితే ఊరుకుంటదా? పైనించి దిగొచ్చి నాతో పోట్లాడుద్ది."

అని నవ్వారు. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. మనిషి పోయాక కూడా అద్దె బాకీ లేని ఇల్లు నేను అంతకు ముందు చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు పళ్ళు ఓనరుగారి చేతిలో పెట్టేశాను.

ఆవిడ జీవిత చరిత్ర నాకు తెలియదు. ఎక్కడ పుట్టారో, ఎందుకు ఒంటరిగా ఉండేవారో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నాలుగేళ్ళు ఒకే స్టాఫ్ రూములో ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నాం. ఆవిడ హిందీ, నేను సోషల్. నాకు తెలిసిందల్లా ఆవిడ ఎండాకాలాన్ని ఎలా దాటేవారో, అంతే. దాన్నిబట్టే మనిషిని తెలుసుకున్నాననుకుంటున్నాను.

ప్రైవేటు బళ్ళో పని చెయ్యని అదృష్టవంతుల కోసం ఒక మాట చెప్పాలి. మా బళ్ళో జీతం పది నెలలే. ఏప్రిల్ ఇరవై మూడున గేటు మూశారంటే మళ్ళీ జూన్ పన్నెండునే తెరిచేది. మార్చి నెల జీతం తీసుకున్నాక మళ్ళీ జీతం మొహం చూసేది జూలైలో. పిల్లల దగ్గర మాత్రం పన్నెండు నెలల ఫీజూ వసూలు చేస్తారు. ఆ సంగతి స్టాఫ్ రూములో అందరం తిట్టుకునేవాళ్ళం. హిందీ మేడం తిట్టేవారు కాదు. "జీతం పది నెలలకే ఇస్తారు సరే, ఆకలి పన్నెండు నెలలూ అవుద్ది కదమ్మా, దాని సంగతి మనమే చూసుకోవాలి" అనేవారు.

చూసుకోవడమంటే అలా ఇలా కాదు. ఆవిడ సంవత్సరం జూన్‌లో మొదలై మార్చిలో అయిపోయేది. ఆవిడతో వ్యవహారం ఉన్నవాళ్ళందరూ ఆ క్యాలెండరుకి అలవాటు పడాల్సిందే. ఏడాది అద్దె మొత్తం పది భాగాలు చేసి పది నెలల్లో కట్టేసేవారు. మొదట్లో ఓనరుగారు ఒప్పుకోలేదట. "ఎక్కువిస్తానంటే వద్దనేవాళ్ళని మిమ్మల్నే చూశానండీ" అని దెబ్బలాడి మరీ ఒప్పించారట. పాలాయన దగ్గరా అదే పద్ధతి. ఏప్రిల్ వచ్చేసరికి ఆయనే ఆవిడకి బాకీ ఉండేవాడు.

వీధి చివర కిరాణా కొట్టాయనకి ప్రతి ఫిబ్రవరిలోనూ ఒక హెచ్చరిక వెళ్ళేది. నేను పక్కనుండగా విన్నాను. "ఏవండీ, మే నెలలో నేనొచ్చి అరువడుగుతా. బతిమాలతా. మీరు మాత్రం ఇవ్వకండి." ఆయన తలూపేవాడు. ఒక మే నెలలో చుట్టాలు వచ్చి పంచదార నిండుకుంటే, సంచి తీసుకుని వెళ్ళి నిజంగానే అడిగారట. ఆయన ఇవ్వలేదు. మేడం గారే ఇవ్వొద్దన్నారండీ అన్నాడట. ఆ సంగతి ఏడాది పొడుగునా స్టాఫ్ రూములో గర్వంగా చెప్పుకున్నారు. "ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెప్తన్నా. నా మాట శ్రద్ధగా విన్నోడు ఆ కొట్టాయన ఒక్కడే." ఆ రోజు చుట్టాలకి బెల్లం కాఫీ ఇచ్చారు.

సెలవులు ఇచ్చేది బడి ఒక్కటే కాదు, ఆవిడ కూడా ఇచ్చేవారు. చివరి పనిదినం నాడు ఇంటికి వెళ్ళి ఇంట్లో ఉన్న ఒక్కోదానికీ సెలవు ప్రకటించేవారు. పేపరుకి సెలవు. కేబుల్ టీవీకి సెలవు. స్టవ్ మీద రెండో పొయ్యికి సెలవు. ఫ్రిజ్‌కి కూడా సెలవే. విజయవాడ ఎండల్లో ఫ్రిజ్ కట్టేసే మనిషిని చూసి నాకు మతి పోయింది. అదేంటి మేడం అంటే, "మనకే సెలవులని చెప్పి జీతం ఆపేశారు. ఫ్రిజ్‌కి మాత్రం డ్యూటీ ఏంటమ్మా?" అన్నారు. దాని తలుపు తెరిస్తే లోపల పాత హిందీ వాచకాలు అరలవారీగా నిలబడి ఉన్నాయి. అందులో అయితే చెద పట్టదట. పక్కనే తడిగుడ్డ చుట్టిన కుండ. ఆ కుండలో నీళ్ళు తాగి నేను ఫ్రిజ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

కరెంటు మీటరుతో ఆవిడకి ప్రత్యేకమైన సంబంధం ఉండేది. యూనిట్లు ఒక గీత దాటితే రేటు మారిపోతుంది కదా, ఆ గీత దాటకూడదని రోజూ పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని మెట్ల కింద మీటరు ముందు నిలబడి అంకెలు హిందీలో పైకి చదివేవారు. వాటాలోకి దిగిన కొత్తలో ఓనరుగారు అది ప్రార్థన అనుకున్నారట. క్రైస్తవులైన ఈవిడ మీటరుకి ఎందుకు దణ్ణం పెడుతున్నారో అర్థం కాక వారం రోజులు మొహమాటపడి, ఆ తర్వాత అడిగేశారట.

నెల మొదట్లో జీతం పడిన రోజు సాయంత్రం మేమంతా బిర్యానీకి వెళితే ఆవిడ ఎండాకాలానికి ఒక వస్తువు కొనడానికి వెళ్ళేవారు. డబ్బుగా దాస్తే ఖర్చయిపోతుందని ఆవిడ నమ్మకం. "డబ్బుకి కాళ్ళుంటాయి. సబ్బుకి ఉండవు" అని జూలైలో డజను సబ్బులు కొనేసేవారు. ఆగస్టులో నూనె, ఇంకో నెల పప్పులు. సంక్రాంతి దాటాక ఉయ్యూరు వైపు నుంచి కొత్త బియ్యం రెండు బస్తాలు తెప్పించి మంచం కింద పెట్టేవారు. మే నాటికి అవి పాతబడి అన్నం పొడిపొడిగా వస్తుంది. ఎవరికీ చెయ్యి చాపకుండా రెండు నెలలు తినే అన్నం అది.

ఇదంతా విని పిసినారి అనుకునేరు. కానే కాదు. ఆదివారం చర్చిలో వేసే కానుక మేలో కూడా తగ్గేది కాదు. మే నెలలో ప్రతి శనివారం సాయంత్రం బెంజి సర్కిల్ దాకా నడిచి వెళ్ళి ఒక కోన్ ఐస్‌క్రీం తినేవారు. నాకూ ఒకసారి ఇప్పించారు. నేను మొహమాటపడుతుంటే, "తినమ్మా, ఇది కూడా బడ్జెట్‌లో ఉన్నదే. ఇది లేకపోతే మే నెల నామీదెక్కి కూర్చుంటది" అన్నారు. చివరి ముక్క దాకా నింపాదిగా తిని, చేతిరుమాలుతో మూతి తుడుచుకున్నారు. అంత ఇష్టంగా ఐస్‌క్రీం తినే పెద్దమనిషిని నేను చూడలేదు.

నా తీరు వేరు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, డబ్బు చేతిలో ఉండదు. ఆ బళ్ళో మొదటి ఎండాకాలం అమ్మ గొలుసు తాకట్టుతో గట్టెక్కాను. రెండో ఎండాకాలానికి తాకట్టు పెట్టడానికి ఇంకేమీ మిగల్లేదు. పటమటలోనే ఒక గదీ వంటిల్లూ అద్దెకి తీసుకుని అమ్మా నేనూ ఉండేవాళ్ళం. ఏప్రిల్ అద్దె బాకీ పడింది. మా ఓనరు మంచివాడే, కానీ ఆయనకీ ఓపిక అయిపోయింది. "పదిహేనో తారీకు దాకా చూస్తానమ్మా, తర్వాత నన్నేమీ అనుకోవద్దు" అన్నాడు. ఇల్లు ఖాళీ చేస్తే మచిలీపట్నంలో అక్క వాళ్ళింటికి వెళ్ళాలి. బావగారి ఫ్యాన్సీ షాపులో గల్లాపెట్టె దగ్గర మనిషి కావాలని ఎప్పటినుంచో అంటున్నారు. అక్కడ ఒక్కసారి కూర్చుంటే ఇక డీఎస్సీ చదువు లేదు, పాఠం చెప్పడం లేదు. నేను టీచరుగా మిగలాలంటే ఆ పదిహేను లోపల అద్దె కట్టాలి.

దానికి ఒక్కటే దారి ఉంది. కొత్తగా ఐదుగురు పిల్లల్ని చేర్పిస్తే ఆ టీచరుకి వేసవిలో సగం జీతం ఇస్తామని మా కరస్పాండెంట్ గారు ప్రకటించారు. ఐదంటే ఐదే. నలుగురిని చేర్పిస్తే చేతికి పైసా రాదు. అందుకని ఏప్రిల్ చివర్నుంచి మే పదో తారీకు దాకా టీచర్లందరం కరపత్రాలూ దరఖాస్తు ఫారాలూ పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్ళం. ఎండలో గొడుగులేసుకుని వచ్చే ఆడవాళ్ళని చూసి చీటీల వాళ్ళేమో అని జనం తలుపులు వేసుకునేవారు.

ఇందులో కూడా హిందీ మేడం పద్ధతి హిందీ మేడందే. ఎవరింటికి వెళ్ళినా ముందు పిల్లని పిలిచి ఏదో ఒకటి చదవమనేవారు. పిల్ల తడబడితే ఫారం బయటికి తీసేవారు. గడగడా చదివితే మంచినీళ్ళు తాగి లేచి వచ్చేసేవారు. అందుకని ఆవిడ చేర్పించేవాళ్ళందరూ చదువులో వెనకబడ్డవాళ్ళే. కరస్పాండెంట్ గారికి ఒళ్ళు మండేది. స్టాఫ్ మీటింగులోనే అడిగేశారు.

"ఏంటి మేడం, మీకు రాంకు కొట్టే పిల్ల ఒక్కత్తీ దొరకదా? అన్నీ చదువు రాని బాపతేనా?"

"వచ్చినోళ్ళకి మనమెందుకు సార్?" అన్నారు ఆవిడ. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు. మేమంతా తలలు వంచుకుని నవ్వు ఆపుకున్నాం.

ఆ ఏడాది ఆవిడ ఐదూ ఏప్రిల్‌లోనే పూర్తయ్యాయి. నావి నాలుగు దగ్గర ఆగిపోయాయి. మే ఎనిమిదో తారీకున కంకిపాడు అవతల ఒక ఊళ్ళో ఐదో అడ్మిషన్ దొరికే ఆశ కనిపించింది. తెలిసినవాళ్ళ ద్వారా ఫోనులో మాట్లాడితే, పిల్ల తండ్రి రమ్మన్నాడు. ఒక్కదానివే ఎందుకమ్మా అంటూ మేడం తోడు బయల్దేరారు. ఆవిడకి ఆ ఎండలో రావాల్సిన పనేమీ లేదు. ఆ మాట ఆ రోజు నాకు తట్టనేలేదు.

బస్సు దిగి ఆటో ఎక్కి కాలవ గట్టు వెంబడి వెళ్ళాం. కాలవలు కట్టేసిన రోజులు. అడుగున బురదలో గేదెలు పడుకుని ఉన్నాయి. ఆయన కౌలు రైతు. రేకుల వరండాలో మాకు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, మజ్జిగ ఇప్పించి, తను నేల మీద కూర్చున్నాడు. ఒక్కగానొక్క కూతురు. ఐదో తరగతి అయిపోయింది. ఫారం అప్పటికే సగం నింపేసి ఉంచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఓనరుకి ఏం చెప్పాలో కూడా మనసులో అనేసుకుంటున్నాను.

మేడం కుర్చీలో ముందుకి వంగి, "ఇలా రా తల్లీ, ఈ పేపరు చదువు" అన్నారు. ఆ పిల్ల వచ్చి నిలబడి పేపరు అందుకుని చదివింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, అర్థం చేసుకుంటూ, మనిషి ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు చదివింది. నేను కిందికి చూస్తూ మేడం కాలిని నా కాలితో తొక్కాను. ఆవిడ కాలు పక్కకి జరుపుకున్నారు.

"ఎవరు నేర్పారమ్మా నీకు?"

"మా బళ్ళో సారండీ."

"ఆరో తరగతి ఎక్కడుంది మీకు?"

"జిల్లా పరిషత్ హైస్కూలు పక్కూళ్ళోనే ఉందండీ. సైకిల్ మీద పదినిమిషాలు." ఈ మాట తండ్రి చెప్పాడు. చెప్పి, ఫారం మోకాలి మీద పెట్టుకుని, పెన్ను పట్టుకుని మేడం వైపు చూశాడు. "అమ్మా, మీరు పెద్దోళ్ళు. మీరే చెప్పండి. మీ బళ్ళో వేస్తే ఇంతకన్నా బాగా చదువుద్దా?"

మేడం కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు.

"చదవదండీ. ఇంతే చదువుద్ది. మీరు మాత్రం ఫీజుకీ బస్సుకీ బట్టలకీ అప్పు చేస్తారు."

ఆయన కాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మాకు ఇంకో గ్లాసు మజ్జిగ పోయించాడు. నేను ముట్టుకోలేదు.

బస్టాండు దగ్గర ఆటో దిగాం. అక్కడ బస్సు కోసం నిలబడ్డాక ఇక ఆగలేకపోయాను.

"నోటి దగ్గర కూడు తీసేశారు మేడం. ఐదోది అది. మీకు తెలుసు. అద్దె సంగతి కూడా తెలుసు. మీకేం, మంచం కింద బియ్యం బస్తాలున్నాయి, అద్దె కట్టేసుకున్నారు. నీతులు చెప్పడానికి తీరుబడి ఉంది. మా అమ్మని తీసుకుని నేను రోడ్డు మీద పడితే మీకు సరదాగా ఉంటుందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఆవిడ గొడుగు ముడుస్తూ ఒక్క మాటన్నారు.

"ఆయన అడిగాడు కదమ్మా."

"అడిగితే?"

"అడిగినోడికి ఏం చెప్తాం మరి?"

ఆ మాటకి నాకు ఇంకా మండింది. బస్సులో ఆవిడ పక్కన ఖాళీ ఉన్నా వెనక సీటుకి పోయి కూర్చున్నాను. కండక్టరు వస్తే ఆవిడ వెనక్కి చూపిస్తూ "రెండు పటమట" అన్నారు. నేను నా టికెట్టు విడిగా కొన్నాను. ఆ రెండో టికెట్టు డబ్బులు వృథా అయ్యాయి. ఆవిడ లాంటి మనిషికి అది ఎంత బాధో తెలిసే ఆ పని చేశాను.

పదో తారీకు వచ్చింది, పోయింది. నా పేరు కింద నాలుగే. అమ్మ గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. పన్నెండో తారీకు పొద్దున్న బడి నుంచి అకౌంటెంటు ఫోన్ చేశాడు.

"సోషల్ మేడం గారూ, మీ ఐదూ అయినయ్యండీ. సగం జీతం రేపు పడుద్ది, చూసుకోండి."

ఎవరు చేరారని నేను అడగలేదు. అడగడానికి ఏముంది? ఆ రైతు మేం వచ్చేశాక ఆలోచించుకుని, పిల్లని తెచ్చి చేర్పించి ఉంటాడు. పదిహేనుకి ఒక రోజు ముందే ఓనరు చేతిలో అద్దె పెట్టాను. అమ్మ సర్దిన గిన్నెలు మళ్ళీ అరల్లోకి ఎక్కాయి. "చూశావా, ఆ హిందీ మేడం నీతులు ఎవరూ పట్టించుకోలేదు" అని అమ్మతో అన్నాను. అలా అన్నప్పుడు నాకు చాలా హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

మే చివరి వారంలో పాత డీఎస్సీ పుస్తకం కోసం గవర్నర్‌పేట వెళ్ళాను. అక్కడ ఒక సందులో నోటు పుస్తకాల హోల్‌సేల్ కొట్టు ఉంది. బళ్ళు తెరిచే ముందు సరుకు తాటిచెట్టంత ఎత్తున పేర్చి ఉంది. ఆ కట్టల మధ్య చిన్న పీట మీద, తలకి తడిరుమాలు వేసుకుని, హిందీ మేడం కూర్చుని ఉన్నారు. పుస్తకాల అట్టల మీద లేబుళ్ళు అంటిస్తున్నారు. బంక పూయడం, అంటించడం, అరచేత్తో అదమడం. పన్నెండు అవగానే పైకి "బారహ్" అనడం, పక్కన పెట్టడం. చెంపల వెంట చెమట కారుతోంది. రేకుల కప్పు కింద ఒక్క ఫ్యాను, అది కూడా కొట్టు యజమాని వైపు తిరిగి ఉంది.

నాకు జాలి కలగలేదు, నిజమే చెబుతున్నాను. సగం జీతం తీసుకుని, ఏడాది సరుకులు మంచం కింద పెట్టుకుని, ఇంకా ఇక్కడికొచ్చి లేబుళ్ళు అంటించాలా, ఎంత ఆశ ఈవిడకి అనుకున్నాను. ఇదేనా పెద్ద నిజాయితీ అనుకున్నాను. ఆవిడ తలెత్తబోతున్నట్టు అనిపించి, తల తిప్పుకుని రోడ్డు దాటి అవతలి వైపు నుంచి విసవిసా వెళ్ళిపోయాను.

జూన్ పన్నెండున బడి తెరిచారు. మా దగ్గర ఇంకో ఆనవాయితీ ఉంది. ఏ టీచరు చేర్పించిన పిల్లలకి ఆ టీచరే పూచీ. ఫీజు కట్టకపోయినా, బడి మానేసినా ఆ టీచర్నే నిలదీస్తారు. అందుకని మొదటి రోజే అకౌంటెంటు తలా ఒక జాబితా ఇచ్చాడు. నా జాబితాలో ఐదు పేర్లున్నాయి. కంకిపాడు పిల్ల పేరు లేదు. రెండుసార్లు చూశాను. నాలుగు నాకు తెలిసినవే. ఐదోది ఎప్పుడూ వినని పేరు, ఆరో తరగతి బి సెక్షన్.

వెళ్ళి తరగతిలో ఆ పేరు పిలిచాను. చివరి బల్ల దగ్గర రెండు జడల పిల్ల భయంగా లేచి నిలబడింది. నేను ఆ పిల్లని ఎన్నడూ చూడలేదు.

"నిన్ను నేనా చేర్పించింది?"

"కాదు టీచర్. హిందీ మేడం. మా ఇంటికొచ్చి నాతో చదివించారు. నాకు రాలేదు. పర్లేదులే, మా బడికి రా, నేర్పుతా అన్నారు."

మిగతాది అకౌంటెంటు చెప్పాడు. మే పదో తారీకు సాయంత్రం, ఇంక పుస్తకం మూసేస్తాడనగా హిందీ మేడం వచ్చారట. తన ఐదు పేర్లలోంచి ఒకటి కొట్టేయించి నా పేరు కింద రాయించారట. "మరి మీకు నాలుగే అవుతాయి కదా, సగం జీతం రాదు కదా మేడం అన్నానండీ. రాయవయ్యా, టైమయిపోతంది అన్నారండీ."

స్టాఫ్ రూములోకి ఎలా వెళ్ళానో నాకు గుర్తులేదు. ఆవిడ తన కుర్చీలో కూర్చుని కొత్త హాజరు పట్టీలో ఎర్ర సిరాతో గీతలు గీస్తున్నారు. కుడిచేతి బొటనవేలి గోరు చుట్టూ బంక ఇంకా పూర్తిగా వదల్లేదు.

"ఆ పిల్ల మీ అడ్మిషన్ మేడం."

ఆవిడ స్కేలు తియ్యకుండానే అన్నారు, "ఎవరి పేరు మీదుంటే ఏంటమ్మా? బళ్ళో ఉందిగా."

"మీ సగం జీతం పోయింది."

"ప్రతేడూ దాంతో జూన్ గడిపేదాన్ని. ఈసారి లేబుళ్ళతో గడుపుతున్నా. ఏదో ఒకటి."

అప్పటికి నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను చేసింది దాచుకోవడం చేతకాలేదు.

"గవర్నర్‌పేటలో చూశాను మేడం మిమ్మల్ని. చూసి కూడా పలకరించకుండా వెళ్ళిపోయాను. మిమ్మల్ని ఎన్ని అనుకున్నానో మీకు తెలియదు."

అప్పుడు తలెత్తారు ఆవిడ.

"నేనూ చూశానమ్మా నిన్ను. పిలిచి, అద్దె కట్టావా అని అడుగుదామనుకున్నా. తలెగరేసుకుని ఎంత విసురుగా పోతన్నావో! అద్దె బాకీ ఉన్న మనిషి అట్లా నడవదు. సరే, కట్టేసిందిలే అనుకుని, మళ్ళీ లేబుళ్ళు అంటించుకున్నా."